మేటు సోములమ్మ కెమెరా చదువు

మా ఊళ్ళో ఎవరి ఫోటో కావాలన్నా సోములమ్మనే అడగాలి. ఆవిడ ఉపాధి హామీ పనికి మేటు, కూలీల లెక్క చూసే మనిషి. కొండ వాలున కందకాలు తవ్వేచోట పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అందరినీ వరసగా నిలబెట్టి, ఫోన్లో ఫోటో తీసి పైకి పంపుతుంది. ఫోటోలో పడినవాడికి హాజరు. పడనివాడు రోజంతా కందకంలోనే ఉన్నా భూమ్మీద లేనట్టే. ఒకసారి మా మరిది చెట్టు చాటుకి వెళ్ళొచ్చేలోగా ఫోటో అయిపోయింది.

"మరి పొద్దుట్నుంచి ఈ గొయ్యి ఎవుడు తవ్వినట్టే?" అని వాడు గోల పెట్టాడు.

"గొయ్యి పడింది. నువ్వు పడనేదు," అంది సోములమ్మ.

ఆవిడకి నలభై దాటాయి. వరసకి నాకు ఆడపడుచు. నన్ను వదినా అంటుంది, మా అత్తని పెద్దమ్మా అంటుంది. మొగుడు ఒరిస్సా వైపు పనికని పోయి అక్కడే ఇంకో ఇల్లు చూసుకున్నాడు. ఆవిడ ఏడవలేదు. రెండు పందుల్ని కొనుక్కుంది. ఊళ్ళో ఫోన్ తెరవడం వచ్చిన ఆడమనిషి అప్పట్లో ఆవిడొక్కతే కాబట్టి మేటయ్యింది. ఈ ఆరేళ్ళలో మమ్మల్ని ఎన్ని ఫోటోలు తీసిందో ఆవిడకే తెలీదు. అన్నిట్లోనూ మేం ఒకేలా ఉంటాం. కాళ్ళు దగ్గరికి, చేతులు కిందికి, ముఖాలు మేష్టారి దగ్గర దెబ్బలు తినబోయే పిల్లల్లా.

తప్పు సోములమ్మది కాదు. మా కొండల మీద ఫోటో అంటే సాక్ష్యం. మరుగుదొడ్డి కట్టించి, తలుపు మీద చెయ్యి వేయించి ఫోటో తీశారు. ఆవునిచ్చి, ఆవు మీద చెయ్యి వేయించి తీశారు. కాఫీ మొక్కలిచ్చి, మొక్క పట్టించి తీశారు. మొక్క చచ్చిపోయినా ఫోటో పచ్చగానే ఉంది. ఇప్పుడు ఫోన్ ఎత్తితే చాలు, మావాళ్ళు పక్కనున్న దాన్ని దేన్నో ఒకదాన్ని పట్టుకుని బిగుసుకుపోతారు. మొన్న ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు పెళ్ళికూతురి చెయ్యి వదిలేసి పందిరి గుంజ పట్టుకున్నాడు.

రెండేళ్ళ కిందట వానల్లో మా ఆయన సుక్రు పోయాడు. మూడు రోజులు జ్వరం. నాలుగో రోజు జీపు దొరికింది. ఆ జీపులోనే వెనక్కి తీసుకొచ్చాం.

దినాలకి పటం కట్టించాలంటే ఫోటో లేదు. సోములమ్మ ఫోన్ వెతికితే హాజరు ఫోటోలో దొరికాడు, ఎడమ నుంచి మూడోవాడు. అరకు స్టూడియోలో జగదీష్ అనే అతను ఆ వరసలోంచి మా ఆయన్ని కోసి బయటికి తీశాడు. పక్కవాడి మోచెయ్యి, మా ఆయన భుజం మీదుగా నిలబడ్డ పార కర్ర మాత్రం రానన్నాయి. జగదీష్ వాటి మీద కంప్యూటర్ పూలదండ వేశాడు. దండలోంచి కర్ర పైకి పొడుచుకొచ్చింది.

అత్త ఆ పటం ముందు చాలాసేపు నిలబడింది.

"నా కొడుకుని పారకి ఏలాడదీసినారేటే?"

సోములమ్మ విస్తరి ముందు నుంచి లేచిపోయింది.

"ఒలే గుంటా," అని అత్త పిలిచింది. నలభై దాటినా సోములమ్మ అత్తకి గుంటే. "నానెల్లిపోయేలోగా నాది మంచి ఫోటో ఒకటి తియ్యే. కక్కసు తలుపు లేకండా. పార లేకండా. నా మొకం నాలాగ ఉండాల."

"తీత్తాను పెద్దమ్మా," అంది సోములమ్మ. ఆవిడ ఒకసారి మాటిస్తే హాజరు మస్టర్ రాసినట్టే, మళ్ళీ కొట్టివేత ఉండదు.

మర్నాడే మొదలుపెట్టింది. అత్తని తన పెరట్లో నిలబెట్టి ఫోన్ ఎత్తింది. అత్త పందుల దొడ్డి గుంజ పట్టుకుంది. గుంజ వదలమంటే తన చీర కొంగే పట్టుకుంది. సరే, ఏదో ఒకటి పట్టుకోనీ అని ఫోటో తీస్తే కళ్ళు మూసుకుని పడింది. ఇంకోటి తీస్తే మళ్ళీ మూసుకుంది. పదిహేను తీసింది. పదిహేనింటిలోనూ అత్త నిద్రపోతోంది.

"కళ్ళెందుకు మూత్తన్నావు పెద్దమ్మా?"

"మూయకపోతే పచ్చ రాదు కదే?"

అప్పుడు మాకు అర్థమయ్యింది. నెలనెలా పింఛనుకి ముఖం చూపించాలి. పింఛనిచ్చే రవిబాబు ఫోన్ ముఖం ముందు పెట్టి "కళ్ళు ఆర్పు అవ్వా, ఇంకోసారి ఆర్పు" అంటాడు. ఆర్పితేనే బతికున్నట్టు ఫోన్ నమ్ముతుంది, పచ్చ గుర్తు వస్తుంది. అత్త జీవితంలో ముఖానికి ఎదురుగా ఫోన్ వచ్చినప్పుడల్లా చేసిన పని అదే. నేర్పినవాళ్ళు గట్టిగానే నేర్పారు.

"ఇది పింఛను కాదు. ఊరికే ఫోటో," అంది సోములమ్మ.

"ఊరికే ఎవులు తీత్తారే?" అంది అత్త.

ఇక సోములమ్మ చదువులో పడింది. మా ఊరికి పైన ఒక బండ ఉంది. సిగ్నల్ అక్కడే వస్తుంది. సాయంత్రం పందులకి కుడితి పోసి ఆ బండెక్కి యూట్యూబ్ చూసేది. అందులో టోపీ పెట్టుకున్న ఒకాయన ఫోన్ తెర మీద అడ్డంగా రెండు, నిలువుగా రెండు గీతలు పెట్టుకోమన్నాడు. మనిషిని మధ్యలో పెట్టకూడదు, గీతలు కలిసే చోట పెట్టాలి అన్నాడు. సోములమ్మకి ఇది బాగా నచ్చింది. కందకం కొలతలు తీసే మనిషి కదా. అత్తని జరిపి జరిపి గీతలు కలిసే చోట పెట్టింది. అత్త ఒక మూలకి పోయింది. మిగతా ఫోటో అంతా పందుల దొడ్డి.

"గీతలు సరిగ్గానే కలిసినాయి," అంది సోములమ్మ అనుమానంగా.

"ఎవుల ఫోటో అడిగినానే నాను?" అంది అత్త.

ఆ టోపీ ఆయనే ఇంకో రోజు వెనకాల అంతా మసకగా వచ్చే విద్య చెప్పాడు. దాంతో దొడ్డి మసకయ్యింది. దాంతోపాటు అత్త చెవి పోగులు కూడా మసకయ్యాయి. పెళ్ళినాటి పోగులు. మా మామ పోయినప్పుడు కూడా తియ్యలేదు. అత్త ఆ ఫోటో చూసి చెవులు తడుముకుంది.

"నా పోగులేవే? ఏ దొంగముండాకొడుకు తీసినాడే?"

సోములమ్మ ఆ వారం బండెక్కలేదు.

చలికాలంలో మా కాఫీ తోటల్లోకి పెళ్ళికి ముందు ఫోటోలు తీసుకునే జంటలు వస్తారు. విశాఖపట్నం నుంచి ప్రవీణ్ అనే ఫోటోగ్రాఫర్ ఒక జంటను తెచ్చాడు. వెనకాల థింసా ఆడడానికి పదిమంది ఆడవాళ్ళు కావాలన్నాడు. సోములమ్మ పదిమందినీ వరసలో నిలబెట్టి ఇచ్చింది. వాళ్ళు కాళ్ళు దగ్గరికి పెట్టి, చేతులు కిందికి వేసి నిలబడ్డారు. ప్రవీణ్ తల పట్టుకున్నాడు.

పెళ్ళికూతురికి మా వైపు కట్టు కట్టించారు. అద్దె చీర, అద్దె పూసలు, కాళ్ళకి తెల్ల బూట్లు. ప్రవీణ్ ఆ అమ్మాయి వేళ్ళు ఒక్కొక్కటిగా సర్ది, గడ్డం పైకెత్తి, పెళ్ళికొడుకు తలని పక్కకి తిప్పి, "నేచురల్‌గా ఉండండి" అన్నాడు. మళ్ళీ సర్ది మళ్ళీ అన్నాడు. ఆ జంట సహజంగా ఉండలేక చెమటలు పట్టించుకున్నారు. పొగమంచు సరిపోలేదని పక్కన తడి ఆకులు కాల్చి పొగ పెట్టించాడు. తోట చూసే ముసలాయన అడవి అంటుకుందని బిందె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

సోములమ్మకి ఒక పని దొరికింది. వెలుతురు తిప్పే గుండ్రని వెండిగుడ్డ ఒకటి ఉంటుంది, అది పట్టుకుని నిలబడడం. నిలబడ్డంతసేపూ ఆవిడ చూసింది. గుడ్డ ఇటు తిప్పితే ముక్కు లేస్తుంది, అటు తిప్పితే బుగ్గ లేస్తుంది. భోజనాల దగ్గర ప్రవీణ్‌ని పట్టుకుంది.

"బాబూ, నాను తీత్తే ఎవుల మొకమూ తేటగా రాదు. ఎందుకంటావు?"

ఆయన ఫోన్ తీసుకుని వెనక్కి తిప్పి చూశాడు. "అమ్మా, ఇది ఎప్పుడైనా తుడిచారా?"

"రోజూ తుడుత్తాను."

"అద్దం కాదు. ఇదిగో, ఈ కన్ను."

రుమాలుతో తుడిచాడు. రుమాలు నల్లబడింది. ఆరేళ్ళుగా సోములమ్మ నడుం దగ్గర, చుట్టలతో, చోడిపిండి చేతులతో తిరిగిన ఫోన్ అది. ఆ మధ్యాహ్నం హాజరు ఫోటో పైకి వెళ్ళిన కాసేపటికి పని చూసే ఇంజనీరు ఫోన్ చేశాడు.

"ఏంటి సోములమ్మా, ఇవాళ మీ ఊళ్ళో మంచు లేదా?"

"లేదండి. ఇడిసిపోయింది."

నడివేసవిలో కూడా మా కందకాల మీద మంచు ఎలా ఉంటుందని ఆయన ఒక్కసారీ అడగలేదు. అరకు కదా, ఉంటుందనుకున్నాడు.

ప్రవీణ్ చెప్పినవి ఆవిడ బుర్రలో పెట్టుకుంది. మిట్టమధ్యాహ్నం తియ్యొద్దన్నాడు, కళ్ళ కింద గుంటలు పడతాయట. వేళ్ళతో తెరని సాగదీసి దగ్గరికి లాగొద్దు, కాళ్ళతో దగ్గరికి నడవమన్నాడు. గుమ్మంలో కూర్చోబెడితే వెలుతురు ఒక పక్క నుంచి పడి ముఖం గుండ్రంగా వస్తుందన్నాడు. మంచి మాటలే. అంతలో ఆయన కంట మా అత్త పడింది.

"అబ్బ, ఏం ముఖం!" అన్నాడు.

అత్తని మా గుమ్మంలో కూర్చోబెట్టాడు. అత్త నవ్వబోయింది. "నవ్వొద్దు అవ్వా. దూరంగా చూడు. బాధగా," అన్నాడు. అప్పటికే అత్త గిన్నెడు అంబలి తాగి, ఎండు చేపల కూరతో అన్నం తిని ఉంది. దూరంగా చూడమన్నాడని చూసింది. ఆ ముసలి కళ్ళ ఎదురుగా చేత్తో అలా అలా ఊపి, ఆర్పడం అయిపోయాక పట్టాడు. పెద్ద కెమెరా, టకటకమని వంద తీసింది.

నెల తిరక్కుండా ఆ ఫోటోకి ఒక రిసార్టు వాళ్ళు పెట్టిన పోటీలో బహుమతి వచ్చింది. వాళ్ళ భోజనాల హాల్లో, వేడి వేడి వంటకాలు వరసగా పేర్చే బల్ల పైన, నిలువెత్తు పటం కట్టారట. కింద "ఆకలి" అని పేరు. ప్రవీణ్ సంతోషంగా దాన్ని సోములమ్మ ఫోన్‌కి పంపాడు. ఆవిడ పరిగెత్తుకుంటూ వచ్చి చూపించింది.

అత్త ఫోన్‌ని దూరంగా పట్టి, దగ్గరగా పట్టి చూసింది.

"ఎవులే ఈవిడ? ఏటి కట్టమొచ్చింది పాపం?"

"నువ్వే పెద్దమ్మా."

"నానా? నాకేటి కట్టం? ఎదర కోడి గంప కిందికి ఎల్లిందా నేదా అని సూత్తన్నాను." ఫోన్ తిరిగి ఇచ్చేస్తూ అంది, "నా కొడుకు పోయినపుడు కూడా నానిలాగ సూడనేదు."

నిజమే. ఆ రోజు ఇంటికి వచ్చినవాళ్ళకి పెట్టాలని ఆవిడ తిరగలి ముందు కూర్చుని చోళ్ళు విసిరింది. ముఖం తిరగలి వైపే ఉంది. నేను చూశాను.

సోములమ్మ ఫోన్ నా చేతిలో పెట్టి మెట్టు మీద కూలబడింది. "ఎలుతురు బాగుంది వదినా. గీతలు కూడా కలిసినాయి. ముడతలు ఒక్కొక్కటీ లెక్కెట్టొచ్చు. పెద్దమ్మే పడనేదు."

"మరి నువ్వేటి నేర్సుకున్నట్టు?" అన్నాను.

"అదే తెలత్తనేదు."

ఆ ఏడు చలి ఎక్కువ. అత్తకి దగ్గు పట్టింది. పొయ్యి దగ్గర నుంచి లేవడం తగ్గించింది. ఒకరోజు సోములమ్మని పిలిచి, "ఒలే, నీ సదువు బేగి అవ్వగొట్టే. నా టైం నాను సూసుకోవాల," అంది. నవ్వుతూనే అంది. సోములమ్మ నవ్వలేదు. ఆ రోజు నుంచి హాజరుకి వెళ్ళేముందు రోజూ పొద్దున్నే మా గుమ్మంలో దిగేది. కొంగుతో కెమెరా కన్ను తుడిచేది. అత్తని గుమ్మంలో కూర్చోబెట్టేది. అత్త గుమ్మం పట్టుకునేది, కళ్ళు ఆర్పేది. ప్రవీణ్‌లా వంద తీసి ఒకటి ఏరుకుందామంటే, హాజరు ఫోటోలతో కిక్కిరిసిన ఈ ఫోన్ నాలుగు తీసేసరికి నిండిపోయిందని ఏడుస్తుంది.

ఒకటో తారీఖున రవిబాబు పింఛను పట్టుకుని వచ్చాడు. సోములమ్మ అప్పటికే మా ఇంట్లో ఉంది. అతను ఫోన్ ఎత్తాడు. అత్త గుమ్మం పట్టుకుని ఊపిరి బిగబట్టింది. ఆర్పింది. "ఇంకోసారి అవ్వా." ఆర్పింది. "కదలకు." కదల్లేదు. "ఆఁ, అయిపోయింది. పచ్చ వచ్చింది."

అత్త ఊపిరి వదిలింది. భుజాలు కిందికి దిగాయి. చెవి వెనక నుంచి చుట్ట తీసుకుని, "బతికే ఉన్నానంటన్నాదా నీ ఫోను? మంచిది," అని రవిబాబుని చూసి పళ్ళు లేని నోటితో నవ్వింది.

నేను సోములమ్మ వైపు చూశాను. ఆవిడ నోరు తెరుచుకుని అత్తనే చూస్తోంది.

మర్నాడు మామూలు కంటే ముందే వచ్చింది. కన్ను తుడిచింది. గుమ్మం ఎడమ నుంచి ఎండ పలచగా పడుతోంది. ఫోన్ పట్టుకుని రెండడుగులు ముందుకు నడిచింది. అత్త గుమ్మం పట్టుకుంది. ఆర్పింది. సోములమ్మ బటన్ నొక్కలేదు. "ఇంకోసారి పెద్దమ్మా." ఆర్పింది. ఇప్పుడూ నొక్కలేదు.

"అయిపోయింది. పచ్చ వచ్చింది," అంది.

"ఈపాలి బేగే వచ్చిందే!" అంటూ అత్త గుమ్మం వదిలేసి, చుట్ట కోసం చెవి వెనక్కి చెయ్యి పెట్టి, లోపల ఉన్న నా వైపు తల తిప్పి, "సూత్తావేటే, అంబలి పొంగిపోతంది," అంది.

అప్పుడు నొక్కింది. ఒక్కటే.

ఫోటోలో అత్త చెయ్యి సగం పైకి లేచి ఉంది. మోచేతి మీద పచ్చబొట్టు ఉంది. పోగులు రెండూ ఉన్నాయి. నన్ను తిట్టబోయే ముందు ఆవిడ కళ్ళలోకి వచ్చే చిన్న సంబరం ఉంది చూశారా, అది కూడా ఉంది. అంబలి నిజంగానే పొంగిపోయింది. నేను పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు.

ఇద్దరం జీపెక్కి అరకు స్టూడియోకి వెళ్ళాం. జగదీష్ ఫోటో కంప్యూటర్లోకి ఎక్కించుకుని అడిగాడు.

"బతికున్నోళ్ళదా, పోయినోళ్ళదా?"

"బతికున్న మనిషిది," అంది సోములమ్మ.

"బతికున్నోళ్ళకి పాస్‌పోర్ట్ సైజు చాలు కదమ్మా. ఇంత పెద్దది పోయినోళ్ళకే."

"ఎవులు సెప్పినారు?"

"అందరూ అంతే."

అంటూనే మౌస్‌తో అత్త బుగ్గ తెల్లగా చెయ్యడం మొదలుపెట్టాడు. సోములమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "ఆ నలుపు ఒగ్గేయ్. ఆ మచ్చ ఒగ్గేయ్. ఆ ముడత నీ తాత సొమ్మేటి? ఒగ్గేయ్." అతను వెనక జలపాతం పెట్టనా అన్నాడు. మా గుమ్మం చాలు అంది. ఏమీ చెయ్యనివ్వకపోతే స్టూడియో ఎందుకని అతను చాలా బాధపడ్డాడు. అంత బాధలోనూ పటం బాగానే కట్టాడు.

ఇంటికి తెచ్చాక అత్త పటాన్ని ఒళ్ళో పెట్టుకుంది. పోగుల మీద వేలు పెట్టి చూసుకుంది. పచ్చబొట్టు మీద పెట్టి చూసుకుంది.

"నానే," అంది.

మా ఆయన పటం పక్కన కట్టమంటావా అని అడిగాను.

"ఆడి పక్కకి ఎల్లినపుడు ఎల్తాను. ఇప్పుడు పొయ్యికాడ కట్టు. నాను సూసుకోవాల."

పొయ్యికి ఎదురు గోడకి కట్టాం. గుమ్మంలో నిలబడితే ముందు అదే కనబడుతుంది. సోములమ్మ రోజూ హాజరుకి పోతూ లోపలికి తొంగి చూసి పోయేది. ఎండలు ముదిరాక అత్తకి దగ్గు తగ్గింది. కర్రలేరడానికి మళ్ళీ కొండెక్కడం మొదలుపెట్టింది.

మళ్ళీ ఒకటో తారీఖు వచ్చింది. రవిబాబు వచ్చేసరికి అత్త కొండ మీద ఉంది. అతను గుమ్మంలో నిలబడి లోపలికి చూసి ఆగిపోయాడు. చెప్పులు విప్పాడు. పటానికి చేతులు జోడించాడు.

"ఎప్పుడమ్మా? ఒక్క మాటైనా చెప్పలేదు," అన్నాడు నాతో, గొంతు తగ్గించి. "మంచి మనిషి. ఏం చేస్తాం. నేను పేరు తీసెయ్యాలి, లేకపోతే నా మీదికొస్తుంది."

నాకు మాట తొందరగా రాదు. నేను నోరు తెరిచేలోగా అతను ఫోన్ తీసి అత్త పేరు దగ్గరికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం హాజరుకి పోతూ సోములమ్మ అప్పుడే లోపలికి తొంగి చూసింది. "ఒరే బాబూ, ఆగు ఆగు!" అని అరిచి అతని చెయ్యి పట్టుకుంది. ఆ అరుపుకి వెనకనుంచి అత్త కర్రలమోపుతో వచ్చింది. మోపు దభీమని కింద పడేసింది.

"ఏటి బాబూ, నా ఇంట్లో నాకే దండమెడతన్నావు?"

రవిబాబు ముఖం పాలిపోయింది. పటం వైపు చూశాడు, అత్త వైపు చూశాడు. "బతికున్న మనిషి ఫోటో ఇంత పెద్దది, ఇంత బాగా ఎవరైనా కట్టుకుంటారా అవ్వా? నేనేమనుకోవాలి?"

"బాగుందని సావాలేటి?" అంది అత్త.

సోములమ్మ మాత్రం నిజంగా భయపడింది. వచ్చే నెల రవిబాబు బదులు ఇంకెవరో కొత్తవాడు వస్తాడు, నేను పెరట్లో ఉంటాను, తను కందకం దగ్గర ఉంటుంది, ఒక్క నొక్కు నొక్కితే అయిపోతుంది. ఆవిడకి ఆ నొక్కు సంగతి మా అందరికంటే బాగా తెలుసు. గబగబా పీటెక్కి పటం మీద చెయ్యి వేసింది.

"తీసేసి పెట్లో ఎడతాను పెద్దమ్మా. తరవాత కడదాం."

"తరవాతంటే ఎప్పుడే? దిగు," అంది అత్త. పొయ్యి ముందు కూర్చుని చుట్ట ముట్టించుకుంది. "ఉండనీ. వచ్చినోల్లకి నాను సెప్పుకుంటాను, బతికున్నానని."

సోములమ్మ పీట దిగింది. కొంగుతో పటం అద్దం మీద తన వేలిముద్రలు తుడిచి, హాజరు వేళయ్యిందని కొండ మీదికి పరిగెత్తింది.